మెగారాప్టర్ ఏ కుదురుది: వాదం తేలని డైనోసార్ గురించి చదివే, రాసే పద్ధతి

డైనోసార్ల గురించి తెలుగులో వ్యాసం రాయబోయేవారికి, తరగతి గదిలో పిల్లలకు చెప్పబోయేవారికి మెగారాప్టర్ ఒక మంచి పరీక్ష పెడుతుంది. ఒక పుస్తకం దాన్ని వెలోసిరాప్టర్‌కు పెద్దన్న అంటుంది, ఇంకొకటి అల్లోసారస్ వంశమని చెబుతుంది, మూడోది టిరనోసారస్‌కు దాయాది అని రాస్తుంది. మూడింటిలోనూ పేరు ఒకటే, బొమ్మలో కొడవలిలా వంగిన పెద్ద గోరు ఒకటే. ఆ గోరు మాత్రం ఒక బొమ్మలో కాలికి, మరో బొమ్మలో చేతికి ఉంటుంది. చదివేవారు ఇక్కడ తికమకపడడం సహజమే గాని, రాసేవారు తికమకపడి, చేతికి మొదట దొరికిన పుస్తకాన్ని నమ్మి ఊరుకోవడం సరికాదు. ఇటువంటి జంతువు ఎదురైనప్పుడు ఏ క్రమంలో ప్రశ్నలు వేసుకోవాలో, వచ్చిన జవాబుల బలాన్ని బట్టి మన వాక్యాన్ని ఎంత గట్టిగా రాయవచ్చో ఇక్కడ వివరిస్తాను. అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ మాట ఏ ఎముకలను చూసి, ఏ సంవత్సరంలో అన్నారు? మిగిలినవన్నీ దాని వెనకే వస్తాయి.

ముందుగా ఎముకల లెక్క

అర్జెంటీనా దేశపు పటగోనియా ప్రాంతంలో, నెవుకేన్ రాష్ట్రంలోని పోర్తెసువేలో అనే రాతిపొరలలో దొరికిన కొన్ని ఎముకల ఆధారంగా ఫెర్నాందో నోవాస్ అనే శిలాజ శాస్త్రవేత్త 1998లో ఒక కొత్త జంతువుకు మెగారాప్టర్ నమున్‌వైకీయి అని పేరు పెట్టారు. ఆ పొరల వయసు సుమారు 9 కోట్ల సంవత్సరాలు. పేరు పెట్టడానికి ఆధారమైన మూల నమూనాలో ఉన్నవి ఎన్ని ఎముకలో వింటే చాలామంది ఆశ్చర్యపోతారు: ముంజేతిలోని రెండు ఎముకలలో ఒకటైన అల్నా, ఒక వేలి ఎముక, అడుగుకు మించిన పొడవున్న ఒక గోరు, పాదపు ఎముకలో ఒక ముక్క. పుర్రె లేదు, పళ్లు లేవు, వెన్నుపూసలు లేవు, తుంటి లేదు. ఎనిమిది తొమ్మిది మీటర్ల జంతువును మనం పుస్తకాలలో చూస్తున్నప్పుడు, తొలి దశలో ఆ శరీరమంతా ఈ కొద్దిపాటి ఎముకల చుట్టూ ఊహతో అల్లినదే అని గుర్తుంచుకోవాలి.

కనుక మీరు చేయవలసిన మొదటి పని, కాగితం మీద ఒక అస్థిపంజరపు గీతబొమ్మ వేసుకుని, నిజంగా దొరికిన ఎముకలకు మాత్రమే రంగు వేయడం. శాస్త్ర వ్యాసాలలో ఇలాంటి బొమ్మ దాదాపు తప్పకుండా ఉంటుంది. దొరికిన ఎముకలు ఒక రంగులోను, దొరకని భాగం ఖాళీ నీడగాను కనిపిస్తాయి. వ్యాసంలోని భాష కొరుకుడుపడకపోయినా ఈ బొమ్మ ఒక్కటి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ప్రజల కోసం రాసిన పుస్తకాలలో మాత్రం ఈ బొమ్మ ఉండదు, దాని స్థానంలో కండలు, చర్మం, రంగులతో నిండిన జంతువు ఉంటుంది. అందం అక్కడ ఉంటుంది, ఆధారం ఇక్కడ ఉంటుంది.

ఈ అలవాటు మనకు దగ్గరి ఉదాహరణతో కూడా చేసుకోవచ్చు. హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరాన్ని చూసినవారు చాలామంది ఉంటారు. అది శాకాహారి, మెగారాప్టర్‌తో దానికి దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. అయితే తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ ఎముకలు ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. పైగా పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రమే దొరికాయి. అంటే మనం తలెత్తి చూసే ఆ తల, తెలిసిన బంధువుల తలలను బట్టి చేసినది. ఇందులో మోసం ఏమీ లేదు, ప్రపంచమంతటా మ్యూజియాలు ఇలాగే చేస్తాయి. చూసే కన్ను మాత్రం ఏది ఎముక, ఏది పూరణ అని వేరు చేసుకోగలగాలి. మెగారాప్టర్ బొమ్మ ముందు నిలబడినప్పుడు ఈ చూపు మరింత అవసరమవుతుంది.

గోరు చేతిదా, కాలిదా

అసలు చిక్కంతా ఇక్కడ మొదలయింది కనుక ఈ భాగం మీద కొంత ఎక్కువసేపు నిలబడదాం. మాంసాహార డైనోసార్ల కాలిగోళ్లు సాధారణంగా మొద్దుగా, అడుగుభాగం కొంత చదునుగా, తక్కువ వంపుతో ఉంటాయి, ఎందుకంటే అవి నేల మీద ఆని నడిచే గోళ్లు. చేతిగోళ్లు అలా కాదు. అవి బాగా వంగి, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటాయి. గోరు మొదట్లో, కిందివైపు, వేలిని ముడిచే కండర బంధనం అతుక్కునే బుడిపె పెద్దదిగా ఉంటుంది. విడిగా ఒక గోరు దొరికినప్పుడు ఈ గుర్తులను బట్టి అది చేతిదో కాలిదో చెప్పడం మామూలుగా కష్టం కాదు.

అయితే ఒక మినహాయింపు ఉంది. వెలోసిరాప్టర్, డైనోనికస్ వంటి డ్రోమియోసార్లకు కాలి రెండో వేలి మీద కొడవలి గోరు ఉంటుంది. అది నేలకు ఆనకుండా పైకెత్తి ఉంచే గోరు కావడం వల్ల, కాలిదైనా చేతిగోరు లక్షణాలను చూపుతుంది: బాగా వంగి ఉంటుంది, పలచగా ఉంటుంది, బుడిపె పెద్దదిగా ఉంటుంది. కనుక వంగిన, పలచని, పెద్ద గోరు ఒకటి విడిగా దొరికినప్పుడు రెండు దారులు తెరుచుకుంటాయి. నోవాస్ 1998లో ఆ గోరును కాలికి పెట్టారు. ఆయన పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి: మెగారాప్టర్ డ్రోమియోసార్ అని ఆయన అనలేదు. అది డ్రోమియోసార్లు కూడా చేరే సీలురోసార్లు అనే పెద్ద సమూహంలోనిదని, కొడవలి గోరు దానిలో విడిగా ఏర్పడి ఉంటుందని ఆయన అభిప్రాయపడ్డారు. దాన్ని 'అతి పెద్ద రాప్టర్' చేసినది ఆ పేరు, ఆ పేరును పట్టుకున్న బొమ్మలు, బొమ్మలను పట్టుకున్న మనమూ. రాప్టర్ అన్న లాటిన్ మాటకు లాక్కుపోయేవాడు, దొంగ అని మాత్రమే అర్థం. డైనోసార్ల పేర్ల చివర ఆ మాట ఉన్నంత మాత్రాన అవన్నీ ఒకే కుటుంబం కావు.

ఆ తరువాత నెవుకేన్ రాష్ట్రంలోనే, బర్రేయాలెస్ సరస్సు ఒడ్డున మరో మెగారాప్టర్ దొరికింది. హోర్హే కాల్వో, హువాన్ పోర్‌ఫిరి, నోవాస్ తదితరులు దాన్ని 2002లో తొలిసారి ప్రకటించి, 2004లో వివరంగా వర్ణించారు. ఈ నమూనాలో చేతి ఎముకలు ఉండవలసిన చోట ఉండవలసిన విధంగా కలిసి దొరికాయి, అందులో ఆ పెద్ద గోరు చేతి మొదటి వేలికి, అంటే మన బొటనవేలి స్థానంలోని వేలికి ఉంది. రెండో వేలి గోరు కూడా పెద్దదే, మూడోది చిన్నది. దీనితో కాలి కొడవలి కథ ముగిసింది. ఎంత నిపుణుడైనా విడి గోరును చూసి చేసిన ఊహ కంటే, కీలు కీలుగా కలిసి దొరికిన ఒక్క చేయి ఎక్కువ సాక్ష్యం చెబుతుంది. మీరు చదువుతున్న వ్యాసం 'విడిగా దొరికింది' అంటోందా, 'కలిసి దొరికింది' అంటోందా అన్నది ప్రత్యేకంగా వెదకండి. ఆ రెండు మాటల మధ్య తేడా మీద ఒక్కోసారి మొత్తం వాదమే ఆధారపడి ఉంటుంది.

ఈ పొరపాటు ఒక్క మెగారాప్టర్‌కే పరిమితం కాలేదు. జపాన్‌లోని ఫుకుయి ప్రాంతంలో దొరికిన ఫుకుయిరాప్టర్ గోరును కూడా మొదట కాలిదని భావించి దాన్ని డ్రోమియోసార్ అనుకున్నారు. 2000లో అజుమా, కరీ దాన్ని వర్ణించి పేరు పెట్టేనాటికి గోరు చేతికి చేరింది. తరువాత చూస్తే ఈ రెండూ ఒకదానికొకటి బంధువులని తేలింది. ఒకే కుదురు జంతువులు రెండు ఖండాలలో ఇద్దరు వేర్వేరు పరిశోధకులను ఒకే విధంగా బోల్తా కొట్టించాయన్నమాట. ఇంకా వెనక్కి వెళితే, మంగోలియాలో దొరికిన థెరిజినోసారస్ మూరెడు గోళ్లను 1954లో వర్ణించిన మలేయెవ్ దాన్ని తాబేలు వంటి సరీసృపంగా భావించారు. ఆ గోళ్లు నిజానికి మొక్కలు తినే డైనోసార్‌వని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. దీనికి భిన్నమైన ఉదాహరణ ఇంగ్లండులోని సర్రేలో ఉంది. అక్కడి మట్టిగుంటలో విలియం వాకర్ అనే వ్యక్తికి 1983లో అడుగు పొడవు గోరు ఒకటి దొరికింది. అయితే దాని వెంట అస్థిపంజరంలో చాలా భాగం, మొసలి మూతిని పోలిన పుర్రె భాగాలు కూడా బయటపడడంతో, 1986లో బారియోనిక్స్ అని పేరు పెట్టిన ఆ జంతువు స్పైనోసారస్ కుటుంబానిదని తరువాత స్థిరపడింది. తేడా గోరులో లేదు, గోరుతో పాటు ఏమి దొరికిందన్న దానిలో ఉంది.

తరగతి గదిలో దీన్ని చూపించాలనుకునేవారు ఒక చిన్న పని చేయవచ్చు. పిల్లలను రెండు గుంపులు చేసి, మొదటి గుంపుకు 1998 నాటి నాలుగు ఎముకల బొమ్మలు మాత్రం విడివిడిగా కత్తిరించి ఇవ్వండి, రెండో గుంపుకు 2004 నాటి చేయి మొత్తం ఇవ్వండి. జంతువును గీయమని చెప్పి, గుంపులను ఒకరి కాగితం ఒకరు చూడనివ్వకండి. మొదటి గుంపులో గోరు ఎక్కడెక్కడికో పోతుంది. అప్పుడు మీరు వర్గీకరణ అనే మాట పలకకుండానే దానిలోని కష్టమంతా వారికి అర్థమయిపోతుంది. అట్టముక్కతో గోరును అసలు పరిమాణంలో కత్తిరించి చూపిస్తే ఇంకా మంచిది. శిలాజంలో మిగిలేది లోపలి ఎముక మాత్రమేనని, బతికి ఉన్నప్పుడు దాని మీద మన గోటి వంటి పదార్థపు తొడుగు ఉండేది కనుక అసలు గోరు ఇంకా పొడవుగా ఉండేదని చెప్పడం మరవకండి.

వంశవృక్షాన్ని చదవడం

గోరు చేతికి చేరడంతో ఒక ప్రశ్న తీరింది, అసలు ప్రశ్న మాత్రం అప్పుడే మొదలయింది. ఈ జంతువు ఎవరి బంధువు? దీనికి వచ్చిన జవాబులను అర్థం చేసుకోవాలంటే, నేటి శాస్త్రవేత్తలు వంశవృక్షాన్ని ఎలా గీస్తారో కొంచెం తెలియాలి. ఒక పెద్ద పట్టిక ఊహించుకోండి. నిలువు వరుసలో జంతువుల పేర్లు, అడ్డ వరుసలో ఎముకల లక్షణాలు ఉంటాయి: ఫలానా ఎముకలో గాలిగది ఉందా, ఫలానా గట్టు పదునుగా ఉందా, మూతి ముందటి పళ్ల కోత ఎలా ఉంది. ఉంటే 1, లేకుంటే 0, ఆ ఎముకే దొరక్కపోతే ప్రశ్నార్థకం. ఈ పట్టికను కంప్యూటర్‌కు ఇస్తే, అన్ని జంతువుల మధ్య అతి తక్కువ మార్పులతో కుదిరే చెట్టును అది వెదికిపెడుతుంది. బడిలో హాజరుపట్టీ చూసి ఎవరితో ఎవరు కలిసి బడి ఎగ్గొట్టారో ఊహించే పంతులుగారి పద్ధతికి, దీనికి పెద్ద తేడా లేదు. పట్టీలో సగం గడులు ఖాళీగా ఉంటే పంతులుగారి ఊహ ఎంత నమ్మదగినదో, ఇదీ అంతే.

మెగారాప్టర్ వరుసలో ప్రశ్నార్థకాలు చాలా ఉన్నాయి. దాని బంధువుల వరుసల్లోనూ ఉన్నాయి, పైగా ఒక్కొక్క జంతువుకు ఒక్కొక్క శరీరభాగం బాగా దొరికింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, వింటన్ దగ్గర దొరికి 2009లో పేరు పొందిన ఆస్ట్రలోవెనేటర్‌కు చేతులు, కాళ్లు చక్కగా దొరికాయి. అర్జెంటీనాలోని మెందోసా రాష్ట్రపు ఏరోస్టియాన్‌కు వెన్నుపూసలు, తుంటి ఎముకలు దొరికాయి. ఆ పేరుకే గాలి ఎముక అని అర్థం. పక్షులలో వలె దాని ఎముకల లోపల గాలిగదులు ఉండేవి. మురుస్‌రాప్టర్‌కు మెదడును కప్పి ఉండే పుర్రె భాగం దొరికింది. ఒకరి చేతిని మరొకరి తుంటితో పోల్చడం కుదరదు కదా. కనుక ఒకే కుదురు జంతువులైనా వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగల చోట్లు తక్కువ.

ఇన్ని కష్టాలున్నా, ఒక విషయంలో మాత్రం పరిశోధకులు చాలావరకు ఏకాభిప్రాయానికి వచ్చారు. ఈ జంతువులన్నీ కలిసి ఒక కుదురు. రోజర్ బెన్సన్, మాథ్యూ కరానో, స్టీఫెన్ బ్రుసాటే 2010లో ఈ కుదురుకు మెగారాప్టొరా అని పేరు పెట్టారు. మోచేయి దగ్గర బ్లేడు వలె పలచగా వెనక్కి పొడుచుకువచ్చిన అల్నా, మొదటి రెండు వేళ్లకు పెద్ద గోళ్లు, ఆ గోళ్లకు రెండు వైపులా ఉండే గాడులు ఒకే ఎత్తులో లేకపోవడం వంటివి ఈ కుదురు గుర్తులు. అల్నా ఎంత ప్రత్యేకమైనదంటే, ఆస్ట్రేలియాలోని విక్టోరియా తీరంలో డైనోసార్ కోవ్ అనే చోట దొరికిన ఒకే ఒక్క అల్నాను చూసి, అది మెగారాప్టర్‌కు చాలా దగ్గరిదని 2008లో ఒక బృందం ప్రకటించింది. పటగోనియా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా అప్పట్లో కలిసి ఉన్నాయనే సంగతికి ఇది చక్కగా అతుకుతుంది. మన దేశం నుంచి మాత్రం ఈ కుదురుకు చెందినదిగా పేరు పొందిన జంతువు లేదు. గుజరాత్‌లో దొరికిన రాజసారస్ వంటివి వేరే కుదురు.

కుటుంబ సభ్యులెవరో చాలావరకు తేలింది గాని, ఆ కుటుంబం ఏ ఊరినుంచి వచ్చిందో తేలలేదు. 2010 నాటి చెట్టులో బెన్సన్ బృందం ఈ కుదురును అల్లోసారస్ వంశంలో, ఇంగ్లండులో దొరికిన నియోవెనేటర్ పక్కన పెట్టింది. ఇదే నిజమైతే, అంతరించిపోయిందనుకున్న ఒక పాత వంశం దక్షిణ ఖండాలలో క్రెటేషియస్ యుగం, అంటే డైనోసార్ల ఆఖరి యుగం, చివరిదాకా బతికిందన్నమాట. 2013లో నోవాస్, ఆయన సహచరులు మరో పట్టికతో ఈ కుదురును టిరనోసారస్ వంశం వైపు తీసుకువెళ్లారు. 2014లో పోర్‌ఫిరి బృందం ఒక పిల్ల మెగారాప్టర్‌ను వర్ణించింది. దానిలో మొదటిసారిగా మూతి, పుర్రె ఎముకలు కొన్ని దొరికాయి. మూతి పొడవుగా, ఎత్తు తక్కువగా ఉంది. ఆ పుర్రె లక్షణాలు టిరనోసారస్ వైపే మొగ్గు చూపుతున్నాయని వారు రాశారు. ఇదే నిజమైతే కథ ఇంకా వింతగా ఉంటుంది, ఎందుకంటే ఉత్తర ఖండాలలోని టిరనోసార్లకు చేతులు కుంచించుకుపోతూ ఉండగా, దక్షిణాన వాటి బంధువులకు చేతులు, గోళ్లు పెరుగుతూ పోయాయి. ఈ రెండింటికీ నడుమ, సీలురోసార్ల మొదట్లో, టిరనోసారస్ కుటుంబానికి బయట ఈ కుదురును నిలిపిన పరిశోధకులూ ఉన్నారు. 1998లో నోవాస్ తప్పు గోరుతో చేరుకున్న సీలురోసార్ల సమూహానికే, ఆ తరువాత వేరే ఎముకలతో ఎందరో తిరిగివచ్చారన్నది ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు. టిరనోసారస్ వంశం కూడా సీలురోసార్లలో భాగమే కదా.

ఇటువంటి చెట్టు ఏదైనా ఎదురైతే మూడు విషయాలు చూడాలి. ఆ పట్టికలో అల్లోసారస్ వైపు జంతువులు, టిరనోసారస్ వైపు జంతువులు రెండూ తగినంతగా ఉన్నాయా అన్నది మొదటిది. ఒక వైపు వారినే పంక్తిలో కూర్చోబెట్టి, వచ్చిన అతిథి ఎవరి బంధువని అడిగితే ఆ వైపు పేరే వస్తుంది. ఈ కుదురును అవతలి వంశానికి మార్చడానికి ఎన్ని అదనపు మార్పులు అవసరమవుతాయో రచయితలు చెప్పారా అన్నది రెండోది. నాలుగైదు మార్పులతో చెట్టు తిరగబడేటట్టయితే, దాన్ని ఆధారం చేసుకుని మీరు గట్టి వాక్యం రాయకూడదు. ఇక మూడోది, వాదానికి ఆధారమైన లక్షణం రెండు వంశాలలోనూ విడివిడిగా ఏర్పడగలిగేదా అన్నది. ఎముకల్లో గాలిగదులు ఇటువంటివే. వాటిని ఒకప్పుడు అల్లోసారస్ వైపు సాక్ష్యంగా చూపారు, గాలిగదులు మాంసాహార డైనోసార్ల అనేక శాఖలలో కనబడతాయి కనుక ఆ సాక్ష్యం బలం తగ్గుతుంది. పెద్ద గోరు సంగతీ అంతే, పని ఒకటైతే రూపం ఒకటవుతుంది.

చుట్టరికాన్ని తెలుగులో రాయడం

ఆంగ్ల పుస్తకాలను ఆధారం చేసుకుని రాసేటప్పుడు మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది వస్తుంది. అక్కడ దూరపు చుట్టాలందరికీ ఒకే మాట సరిపోతుంది, తెలుగులో పెదనాన్న కొడుకు వేరు, మేనత్త కొడుకు వేరు, వేలు విడిచిన మేనమామ వేరు. ఈ ఖచ్చితత్వాన్ని మనం వాడుకోవాలి. మెగారాప్టర్ టిరనోసారస్‌కు పూర్వీకుడు అని రాయడం ఏ సిద్ధాంతం ప్రకారమూ తప్పే. మెగారాప్టర్ 9 కోట్ల సంవత్సరాల నాటిది. టిరనోసార్ల వంశమైతే అంతకు చాలా ముందు నుంచే ఉంది, చైనాలో దొరికిన గ్వాన్‌లాంగ్ సుమారు 16 కోట్ల సంవత్సరాల నాటిది. తాత అనదగిన సంబంధం ఇక్కడ ఎవరికీ లేదు. 2013 నాటి అభిప్రాయాన్ని చెప్పాలంటే దాయాది అనండి, ఒకే మూలపురుషుడి నుంచి చీలిన శాఖలని దానర్థం కనుక అది సరిగ్గా సరిపోతుంది.

క్రియాపదాన్ని ఎన్నుకోవడంలో కూడా జాగ్రత్త పడాలి. 'మెగారాప్టర్ టిరనోసారస్ జాతికి చెందినదని శాస్త్రవేత్తలు నిరూపించారు' అన్న వాక్యంలో మూడు తప్పులున్నాయి: జాతి అన్న మాట అక్కడ పొసగదు, ఎందుకంటే అది ఒక్క రకం జంతువుకు వాడే మాట, శాస్త్రవేత్తలంటే ఎవరో తెలియదు, నిరూపణ జరగలేదు. దాని బదులు 'మెగారాప్టర్, దాని బంధువులు టిరనోసారస్ వంశంలోని ఒక శాఖ అని నోవాస్ బృందం 2013లో ప్రతిపాదించింది. అల్లోసారస్ వంశమని 2010లో బెన్సన్ బృందం చెప్పిన అభిప్రాయంతో ఇది విభేదిస్తుంది' అని రాస్తే, వాక్యం పొడవైనా రేపు మరో ఎముక దొరికినప్పుడు దాన్ని కొట్టేయవలసిన పని ఉండదు. 'అట' అనే చక్కని ప్రత్యయం మనకు ఉంది గాని, వ్యాసంలో దాన్ని ఆశ్రయించకండి. విన్నమాటకు బాధ్యత లేదన్నట్టు అది వినిపిస్తుంది. ఇక్కడ చెప్పినవారి పేరు, సంవత్సరం రెండూ మన దగ్గర ఉన్నప్పుడు ఆ తప్పించుకోవడం అనవసరం.

ఏది గట్టిగా రాయవచ్చో కూడా చెప్పాలి, లేకపోతే ప్రతి వాక్యానికి 'కావచ్చు' తగిలించే జబ్బు పట్టుకుంటుంది. పెద్ద గోరు చేతి మొదటి వేలిది అన్నది నిస్సంకోచంగా రాయండి. మెగారాప్టర్ డ్రోమియోసార్ కాదని అంతే గట్టిగా రాయండి. మెగారాప్టొరా అనే కుదురు ఉందని, దానిలో ఆస్ట్రలోవెనేటర్, ఏరోస్టియాన్, మురుస్‌రాప్టర్ ఉన్నాయని రాయండి. పొడవును మాత్రం 'సుమారు' లేకుండా రాయకండి, ఎందుకంటే పూర్తి అస్థిపంజరం లేని జంతువు పొడవు, బంధువుల కొలతలను బట్టి కట్టిన అంచనా. ఏ వంశమన్న ప్రశ్న దగ్గర మాత్రం పైన చూపిన పద్ధతిలో ఇద్దరి మాటా రాయండి, రెండిటిలో మీకు ఏది బలంగా తోచిందో విడిగా, మీ అభిప్రాయంగా చెప్పండి. నన్ను అడిగితే, సీలురోసార్ల వైపు త్రాసు కొంత ఎక్కువ వాలుతోందని, అందులో టిరనోసారస్ ఇంటి లోపలా బయటా అన్నది ఇంకా తేలలేదని అంటాను. ఇది నా లెక్క, మీ వ్యాసంలోకి దీన్ని వాస్తవంగా ఎత్తుకోకండి.

పేరు విషయం ఒకటి మిగిలింది. నమున్‌వైకీయి అన్న రెండో మాట పటగోనియాకు చెందిన మాపుచే ప్రజల భాషలోని పదాలతో కట్టినది, దానికి 'కాలి బల్లెం' అని అర్థం. గోరు కాలిది కాదని తేలిన తరువాత కూడా ఆ పేరు అలాగే ఉంది, ఉంటుంది. జంతువుల పేర్లను నియంత్రించే అంతర్జాతీయ నియమావళి ప్రకారం, అర్థం తప్పయినంత మాత్రాన పేరును మార్చడానికి వీలులేదు. కనుక తెలుగులో పేరు అర్థాన్ని వివరించేటప్పుడు 'కాలి బల్లెం వంటి గోరు గల డైనోసార్' అని కలిపి రాసేస్తే పాత తప్పును కొత్తగా ముద్రించినట్టవుతుంది. పేరు అర్థం ఒక వాక్యంలో, గోరు ఉన్న చోటు మరో వాక్యంలో విడివిడిగా రాయండి.

బొమ్మను ఎన్నుకునేటప్పుడు ఈ చివరి జాగ్రత్త చాలా పనికివస్తుంది. కాలి వేలి మీద కొడవలి గోరున్న మెగారాప్టర్ బొమ్మ కనిపిస్తే అది 2002కు ముందు నాటి ఊహ అని, ఆ తరువాత వేసినదైతే పాత బొమ్మను చూసి వేసినదని వెంటనే గుర్తుపట్టవచ్చు. మూతి పొట్టిగా, తల ఎత్తుగా ఉంటే 2014 నాటి పిల్ల మెగారాప్టర్ పుర్రెను చిత్రకారుడు చూడలేదన్నమాట. ఇప్పుడైతే పోల్చి చూడడానికి ఇంకా వనరులున్నాయి. అర్జెంటీనాలోని సాంతా క్రూస్ రాష్ట్రంలో దొరికి 2022లో పేరు పొందిన మైప్, 9 నుంచి 10 మీటర్ల పొడవుతో ఈ కుదురులో పెద్దవాటిలో ఒకటి. చుబుత్ రాష్ట్రంలో దొరికిన హోవాకిన్‌రాప్టర్‌ను 2025లో వర్ణించారు. దాని దవడల మధ్య మొసలి బంధువు ఒకదాని ముందరి కాలి ఎముక దొరికింది. అది తిన్న చివరి భోజనమా, ఎముకలు వరదలో కొట్టుకువచ్చి అలా చేరాయా అన్నది వాక్యంలో ఎలా రాయాలో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఎముక దవడల మధ్య దొరికిందన్నది చూసిన సంగతి, అది ఆ జంతువు వేటాడిన ఆహారం కావచ్చన్నది దాన్ని చూసి చేసిన ఊహ. బొమ్మ కింద రాసే వ్యాఖ్యలో ఈ రెండింటికీ నడుమ ఒక ఫుల్‌స్టాప్ పెట్టండి.